కష్టాలుంటే చాలు, కథలు వాటంతటవే వస్తాయా?

"వాళ్లకేంటండీ, చెప్పుకోవడానికి కావల్సినన్ని కష్టాలున్నాయి, రాసేస్తారు." నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ పుస్తకావిష్కరణ సభలకి వెళ్తే ఈ మాట ఎక్కడో ఒకచోట వినపడుతూనే ఉంటుంది. మొన్న ఒక పెద్దాయన మైకులోనే అన్నారు, పైగా మెచ్చుకుంటున్నట్టు. రచయిత ఆ పక్కనే కూర్చుని ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పేదింటి నుంచి, దళితవాడ నుంచి, ముస్లిం బజారు నుంచి వచ్చిన రచయితకి బతుకు తప్ప పనితనం లేదని చెప్పడమే కదా ఇది!

కష్టాలే కథలైపోయేటట్టయితే మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో లైబ్రరీలు చాలవు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లున్నారు. కొండపి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రంతా వేడి చూసుకుంటూ కూర్చునే రైతులున్నారు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయినవాళ్లున్నారు. అనుభవానికి కొదవేం లేదు. మరి వాళ్లంతా రచయితలు ఎందుకు కాలేదు?

కథకుడు మహమ్మద్ ఖదీర్‌బాబునే తీసుకోండి. కావలిలో ఆయనతో పాటు పెరిగిన పిల్లలు ఎంతోమంది. చేతిలో డబ్బుల్లేని ఇళ్లు ఎలా ఉంటాయో వాళ్లందరికీ తెలుసు. 'దర్గామిట్ట కతలు' ఆయన ఒక్కడే రాశాడు. ఆ కతల్ని పిల్లోడి నోటితో, మన నెల్లూరు యాసలో చెప్పించాలని తేల్చుకున్నది ఆయనే. పిల్లోడు తన ఇంటిని చూసి జాలిపడడు, మనల్నీ జాలిపడమని అడగడు. నవ్వుకుంటూ చదువుతూ పోతాం, ఉన్నట్టుండి ఒకచోట గొంతు పట్టేస్తుంది. అదే బాల్యాన్ని పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసుకునే గొంతుతో రాసి ఉంటే, నాలుగు పేజీలకే మనం పుస్తకం మూసేసేవాళ్లం.

సొలోమోన్ విజయ్ కుమార్ రాసిన 'మునికాంతపల్లి కతలు' గురించి కూడా ఇంతే. "ఆ ఊళ్లో అట్టనే మాట్లాడతారు, అట్టనే రాశాడు" అంటారు. ఒకసారి మీ ఇంట్లోవాళ్ల మాటల్ని ఫోన్లో రికార్డు చేసి ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టి చూడండి. రెండో పేజీ దాటి చదవలేరు. ఏ మాట ఉంచాలి, ఏది తీసేయాలి, వాక్యం ఎక్కడ తెగాలి అని కూర్చుని చూసుకుంటేనే యాస కతవుతుంది.

ఫ్రాన్స్‌లో ఆనీ ఎర్నో అనే రచయిత్రి ఉంది. వాళ్ల అమ్మానాన్నలు నార్మండీలోని ఇవ్‌తో అనే చిన్న ఊళ్లో కిరాణా కొట్టు, కాఫీ కొట్టు నడిపేవాళ్లు. నాన్న మీద ముందు నవల మొదలుపెట్టి, మధ్యలో రోత పుట్టి ఆపేసింది. అమ్మానాన్నలకి క్షేమసమాచారాల ఉత్తరాలు రాసిన ఆ సాదా భాషలోనే చివరికి నాన్న గురించి రాసింది. ఆ పుస్తకానికి 1984లో రెనోడో అనే సాహిత్య బహుమతి వచ్చింది. 2022లో ఆమెకి నోబెల్ ఇస్తూ, సొంత జ్ఞాపకాల వేళ్లని బయటపెట్టిన ధైర్యాన్నీ, శస్త్రవైద్యుడి లాంటి నిశితత్వాన్నీ మెచ్చుకున్నారు. ఆమె రాస్తే పనితనం, మన కావలి కుర్రాడు రాస్తే "అదృష్టవంతుడు, అట్టాంటి బాల్యం దొరికింది" అనడమా! ఎక్కడి న్యాయం ఇది?

ఆడవాళ్లు రాస్తే ఇంకా ఘోరం. కథలో భార్య ఇల్లు వదిలి వెళ్తే చాలు, రచయిత్రి సంసారం గురించి గుసగుసలు మొదలు. కొందరైతే భర్తకే ఫోన్ చేసి "ఏంటి బావా, ఇంట్లో అంతా బానే ఉందా?" అని అడుగుతారు. ఆ టెన్షన్ పడలేక రాసింది దాచేసుకున్న ఆడవాళ్లు నాకు తెలుసు. అసలు మన ఊళ్ల గురించి రాసి మళ్లీ అదే బజార్లో తిరగడానికే ఎంత గుండె కావాలి! "మా నాన్న పేరెందుకు పెట్టావ్?" అని చుట్టాలు మాట్లాడటం మానేస్తారు. ఆ రచయితలు అదంతా భరించే రాస్తున్నారు.

సభలు పెట్టే మిత్రులకి నాదొక విన్నపం. "ఇది నిజంగా జరిగిందా?" అనే ప్రశ్న ఈసారికి పక్కన పెట్టండి. ముందు ఎలా మొదలైంది, ఎన్నిసార్లు తిరగరాశారు, ఏం కొట్టేశారు, ఎవర్ని కథలోంచి తప్పించారు అని అడగండి. వక్తల్ని ఇద్దర్ని తగ్గించినా ఫర్వాలేదు, ఆ టైం రచయితకి ఇవ్వండి.