బొటాక్స్‌ను కరిగించలేరు
కండరాన్ని సడలించి ముడతలు తగ్గించే బొటాక్స్, ముఖంలో గుంటలు నింపే ఫిల్లర్ ఇంజెక్షన్ల గురించి మీ వ్యాసంలో ‘ఫలితం నచ్చకపోతే కరిగించేసుకోవచ్చు, భయం లేదు’ అని రాశారు. అది సగమే నిజం. కరిగేది హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ ఒక్కటే, దాన్ని కరిగించే హైలురోనిడేజ్ ఇంజెక్షన్ ఉంది. బొటాక్స్‌కి అలాంటి విరుగుడు లేదు. కండరం మీద దాని పట్టు దానంతట అదే వదలాలి, మామూలుగా 3-4 నెలలు పడుతుంది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉండే మా వదిన, తన కూతురి పెళ్లికి ముందు బొటాక్స్‌ని కనుబొమల మధ్య ముడతలకి వేయించుకుంది. వారం తిరక్కుండానే ఎడమ కనురెప్ప వాలిపోయింది. పెళ్లిలో ఫొటోగ్రాఫర్‌ని పట్టుకుని ‘బాబూ, కుడివైపు నుంచే తియ్యి’ అని ఒకటే గోల! కొన్ని వారాలకి సర్దుకుందిలెండి, ఆల్బమ్ మాత్రం అలాగే ఉండిపోయింది. ఫిల్లర్‌తోనూ కరిగించే మందు ఉందిగా అని ధీమా పనికిరాదు. రక్తనాళంలోకి పోతే చర్మం తెల్లబడి విపరీతంగా నొప్పి పెడుతుంది, అరుదుగా చూపు కూడా పోవచ్చు. అప్పుడు వెంటనే హైలురోనిడేజ్ వెయ్యాలి, రేపు రండి అంటే కుదరదు. ఫేషియల్ చేసే పార్లర్లలో కూడా ఇవి వేస్తామంటున్నారు కదా, ఆ మందు దగ్గర పెట్టుకున్నారో లేదో, వేసేది డాక్టరేనో కాదో ముందే అడగండి.