దుమ్ము పట్టిన ఆకు, నల్లికి నెలవు

కె.ఆర్.పురం నుంచి సిల్క్‌బోర్డు దాకా ఏళ్ల తరబడి సాగుతున్న మెట్రో పనుల దుమ్ము, దానికి తోడు డీజిల్ మసి, బెంగళూరు ఔటర్ రింగ్‌రోడ్డు పక్క చెట్ల ఆకులపై పొరలు కడుతున్నాయి. ఆకులు పాలిపోయి, కంచురంగుకు తిరిగి రాలితే పురుగుమందు కొట్టించాలన్న ఆలోచనే ఎవరికైనా ముందు వస్తుంది. ఆ తొందర వద్దని మేము గట్టిగా కోరుతున్నాం.

దుమ్ము పత్రరంధ్రాలను మూసేస్తే ఆకు నీటిని ఆవిరిగా వదలలేక వేడెక్కుతుంది, వెలుతురు అందక నీరసిస్తుంది. ఇలా నీరసించిన ఆకు ఎర్రనల్లికి నెలవు. ఇది మంచంలో కుట్టే నల్లి కాదు, సాలీడుకు దగ్గరి బంధువైన అతి చిన్న జీవి. వేడి, పొడి వాతావరణంలో ఇది గుడ్డు నుంచి పెద్దది కావడానికి పది రోజులైనా పట్టదు. ఆకు అడుగున సన్నని గూడు అల్లుకుని కణాల్లోని రసం పీల్చే ఈ ఎనిమిది కాళ్ల జీవిని అదుపులో ఉంచేవి దాన్ని తినే పరభక్షక నల్లులు, చిన్న అక్షింతల పురుగులు. దుమ్ములో అవి సరిగా తిరగలేవు, వేటాడలేవు. పైన పురుగుమందు పడితే ముందుగా చచ్చేవి కూడా అవే. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే పురుగుమందులు కొట్టిన మిరపతోటలో నల్లి చెలరేగి, ఆకులు కిందికి ముడుచుకునే కింది ముడత ముదరడం రాయలసీమ నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన రైతుబిడ్డలు ఎరిగినదే. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో మరో పురుగును అణచడానికి ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు వాడిన ఎల్మ్ చెట్లపై కూడా నల్లి విజృంభించినట్లు పరిశోధకులు గుర్తించారు.

కానుగ ఆకులపై వేళ్లలా లేచే బుడిపెలు వేరే జాతి నల్లి పని. చూడటానికి వికారంగా ఉన్నా వాటివల్ల చెట్టు చావదు, వాటిని చూపి చెట్టు నరకడం అన్యాయం.

పీఎం 10 అనే, గాలిలో తేలే సన్నని ధూళిని 2026 నాటికి 40 శాతం దాకా తగ్గించాలన్న జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో బెంగళూరూ ఉంది. కాబట్టి నిర్మాణ స్థలాల చుట్టూ తెరలు కట్టించడం, మట్టి లారీలపై పట్టాలు కప్పించడం, ఎండాకాలమంతా శుద్ధి చేసిన మురుగునీటితో ఆకుల అడుగుభాగం తడిసేలా చెట్లను కడిగించడం నగర పాలకుల బాధ్యత. మొదళ్ల చుట్టూ పోసిన కాంక్రీటును పగలగొట్టి వేళ్లకు నీరు అందేలా చేయాలి. దేశవ్యాప్త నల్లి పరిశోధనను సమన్వయం చేసే కేంద్రం ఈ ఊళ్లోనే, జీకేవీకే ప్రాంగణంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు ఆకును పరీక్షించి చెప్పేవరకు ఏ వీధి చెట్టుపైనా మందు కొట్టరాదని పాలకులు ఉత్తర్వు ఇవ్వాలి.