ఏడాది ఉత్తమ మోడల్ రైలు: ఓటు పెట్టెకా, రేక్‌కా?

మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్‌లో ఒక పెద్దాయన ఉంటారు. రైల్వేలో టీఎక్సార్‌గా చేసి రిటైరయ్యారు. టీఎక్సార్ అంటే ట్రెయిన్ ఎగ్జామినర్. బండి మెల్లగా స్టేషన్‌లోకి వస్తుంటే పట్టాల పక్కన నిలబడి, చక్రం మోతలో తేడా ఉందా, స్ప్రింగు విరిగిందా, కింద ఏదైనా వేలాడుతోందా అని కళ్ళతో, చెవులతో పట్టుకోవడం ఆయన ఉద్యోగం. వాళ్ళ భాషలో దాన్ని రోలింగ్-ఇన్ అంటారు. ఒక ఆదివారం ఆయన మా ఇంటికొచ్చారు. హాల్లో టేబుల్ మీద తిరుగుతున్న నా జర్మన్ మోడల్ రైలును రెండు నిమిషాలు చూసి, "ఏమయ్యా, పెట్టెకీ పెట్టెకీ మధ్య ఇంత సందేమిటి? మనిషి దాటబోతే కింద పడిపోడూ?" అన్నారు.

ఆ సెట్ కొనే ముందు నేను చదివిన సమీక్షల్లో తలుపు పిడి రంగు గురించి ఉంది, లోపలి సీటు గుడ్డ డిజైన్ గురించి ఉంది. సందు సంగతి ఒక్కరూ రాయలేదు.

మోడల్ రైళ్ళు సేకరించేవాళ్ళకు ఏటా ఎన్నికల సీజన్ ఒకటి ఉంటుంది. జర్మనీలో 'ఐజెన్‌బాన్ మాగజిన్' పత్రిక పాఠకులు ఏడాది మోడల్‌ను ఎన్నుకుంటారు. 'గోల్డెనెస్ గ్లైస్' అని ఇంకో బహుమతి ఉంది, బంగారు పట్టా అని అర్థం. దానికీ పాఠకుల ఓట్లే. ఇంజన్లకు వేరే, ప్యాసింజర్ పెట్టెలకు వేరే, గూడ్స్ వ్యాగన్లకు వేరే విభాగాలు. బ్రిటన్‌లోనూ ఇలాంటి పోటీలు జరుగుతాయి. ఇంజన్ల విభాగంతో నాకు పేచీ లేదు. ఇంజను ఒంటరి జీవి, షెల్ఫ్ మీద పెట్టి చూసినా దాని అందం దానిదే. గూడ్స్ వ్యాగనూ అంతే, అసలు గూడ్సు బండిలోనే నాలుగు రకాల వ్యాగన్లు కలిసి పోతుంటాయి. ప్యాసింజర్ రైలు మాత్రం పెట్టెలన్నీ కలిస్తేనే రైలు, ఆ మొత్తం వరసనే రేక్ అంటారు. దాన్ని ఒక్క పెట్టె ఫొటో చూసి తేల్చేస్తున్నారన్నదే నా అభ్యంతరం.

ముందు పొడవు సంగతి చూద్దాం. ప్రపంచంలో ఎక్కువమంది వాడే సైజు హెచ్‌ఓ. అసలు రైలులో 87వ వంతు. జర్మనీలో పాత ఎక్స్‌ప్రెస్ పెట్టె 26.4 మీటర్లు. లెక్క ప్రకారం మోడల్ 303 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ జర్మన్ మోడల్ కంపెనీ మార్క్లిన్ చాలా ఏళ్ళు దాన్ని 282 మిల్లీమీటర్లకు కుదించి అమ్మింది. 264 మిల్లీమీటర్ల పెట్టెలు చేసిన కంపెనీలూ ఉన్నాయి. ఎత్తు, వెడల్పు మాత్రం సరిగ్గా 87వ వంతే, కోత పడేది పొడవుకు ఒక్కదానికే. పొడుగు మనిషిని నడుము దగ్గర రెండంగుళాలు మడతపెట్టినట్టు ఉంటుంది. విడిగా ఒక పెట్టెను చూస్తే కన్ను మోసపోతుంది. సరైన పొడవున్న పెట్టె పక్కన తగిలించారా, దొంగతనం బయటపడుతుంది.

అలాగని కంపెనీని తిట్టేసి ఊరుకోలేం. కోతకు కారణం మన ఇళ్ళే. మార్క్లిన్ స్టార్టర్ సెట్లలో మామూలుగా వచ్చే వంపు వ్యాసార్ధం 360 మిల్లీమీటర్లు. 87తో గుణిస్తే 31 మీటర్లు. మన బ్రాడ్‌గేజ్‌లో 10 డిగ్రీల వంపు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం దాటి పదునుగా తిప్పకూడదని నియమం. ఆ 175 మీటర్లను హెచ్‌ఓలోకి దించితే 2 మీటర్లు. పూర్తి చుట్టు తిరగాలంటే 4 మీటర్ల వెడల్పు కావాలి. డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో హాలు మొత్తం రైలుకిచ్చి మనం బాల్కనీలో పడుకోవాల్సిందే. కాబట్టి బొమ్మ పట్టాలు అసలు రైలు ఎన్నడూ ఎరగని వంపులు తిరుగుతాయి. ఆ వంపులో 303 మిల్లీమీటర్ల పెట్టె మూలలు బయటికి పొడుచుకొస్తాయి, నడుము లోపలికి పోతుంది, పక్క ట్రాక్ మీద బండి ఉంటే రాసుకుంటుంది. పొట్టి పెట్టె హాయిగా తిరుగుతుంది.

మరి ఈ రెండిట్లో ఏది ఉత్తమం? షెల్ఫ్ మీద పెట్టుకునేవాడు 303 అంటాడు, నేల మీద పట్టాలు పరిచి పిల్లలతో ఆడుకునేవాడు 282 అంటాడు. ఇద్దరి ఓట్లూ ఒకే డబ్బాలో పడతాయి, కానీ వాళ్ళు జవాబిచ్చిన ప్రశ్నలు వేరు. మోడల్ మీద రివెట్లు అసలు రైలుతో సరిపోయాయా అని లెక్కపెట్టేవాళ్ళని ఎగతాళి చేయడానికి ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ ఒకే అర్థం వచ్చే మాట ఉంది. వాళ్ళ మీద నాకు చిన్నచూపేమీ లేదు. వాళ్ళు లేకపోతే కంపెనీలు ఈపాటికి కిటికీలు కూడా స్టిక్కర్లేసి అమ్మేవి. కాకపోతే లెక్క రివెట్ల దగ్గరే ఆగిపోకూడదు.

మా పెద్దాయన పట్టుకున్న సందు కూడా ఈ వంపుల పుణ్యమే. వంపులో పెట్టెల మూలలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఖాళీ వదలాలి. అదే ఖాళీ తిన్నటి ట్రాక్ మీద ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. దీనికి జర్మన్లు చక్కటి ఉపాయం కనిపెట్టారు. పెట్టెల్ని కలిపే కొక్కేన్ని, అంటే కప్లింగ్‌ను, పెట్టె కింద ఒక గాడిలో జారేలా బిగించారు. తిన్నగా పోతున్నప్పుడు పెట్టెలు దగ్గరకొచ్చి బఫర్‌కు బఫర్ ఆనుకుంటుంది. వంపు రాగానే గాడి కప్లింగ్‌ను బయటికి తోస్తుంది, సందు దానంతటదే పెరుగుతుంది. వంపు దాటాక మళ్ళీ మూసుకుంటుంది. పనిచేస్తే చూడముచ్చటగా ఉంటుంది. పనిచేయకపోతే స్ప్రింగు నీరసించి సందు తెరుచుకునే ఉండిపోతుంది, లేదా బండి వెనక్కి నెడుతుంటే మధ్య పెట్టె చక్రం పట్టా ఎక్కేస్తుంది. నన్నడిగితే ప్యాసింజర్ రైలు మోడల్‌కు ఇంతకన్నా ముఖ్యమైన పరీక్ష లేదు. ఎనిమిది పెట్టెలు తగిలించి, ఎస్ ఆకారపు వంపులో వెనక్కి నెట్టాలి. బహుమతి ఫొటోల్లో ఇది కనపడదు.

బరువుది కూడా ఇదే కథ. అమెరికాలో 1935లో పుట్టిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ హెచ్‌ఓ బండ్లకు ఒక సూత్రం పెట్టింది: 1 ఔన్సుతో మొదలుపెట్టి, పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు కలపాలి. 303 మిల్లీమీటర్ల పెట్టెకు అది దాదాపు 7 ఔన్సులు, 200 గ్రాములు. పది పెట్టెలకు రెండు కిలోలు. తేలికైతే వంపులో పడిపోతాయి, బరువైతే ఇంజను లాగలేదు. పైగా పెట్టెల్లో లైట్లుంటే కరెంటు కోసం ఇరుసులకు రాసుకునే రాగి రేకులు బ్రేకుల్లా పట్టేస్తాయి. నా సెట్‌లో మూడో పెట్టె లైటు మిణుకుమంటూనే ఉంటుంది. చక్రాలు తుడిచాను, పట్టాలు తుడిచాను, అమ్మినవాళ్ళకు రెండు మెయిళ్ళు పెట్టాను. చివరికి నేనే ఒక చిన్న కెపాసిటర్ సోల్డర్ చేసుకున్నాను, కొంత నయం. అంత ఖరీదు పెట్టి కొన్న రైల్లో చీకటి పెట్టె ఒకటి ఉంటే కన్ను ఎప్పుడూ అక్కడికే పోతుంది.

ఇప్పటిదాకా చెప్పినవి పనితనం సంగతులు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఓటు వేసేవాళ్ళు మోడల్‌కు వేస్తున్నారా, ఆ మోడల్ గుర్తుచేసే అసలు రైలుకు వేస్తున్నారా?

జర్మనీలో రైన్‌గోల్డ్ అనే రైలుండేది. 1928లో ఊదారంగు, మీగడరంగు పెట్టెలతో రైన్ నది వెంట నడిచింది. 1962లో నీలం రంగు వేసుకుని కొత్త రూపంలో వచ్చింది. ఈసారి అద్దాల గుమ్మటం ఉన్న పెట్టె ఒకటి దానికి అదనపు హంగు. అందులో కూర్చుని కొండలు, కోటలు చూడొచ్చు. ఆ గుమ్మటం పెట్టెలు మొత్తం కట్టింది ఐదు. అదే కాలంలో జర్మన్ రైల్వే ఊరి ప్రయాణికుల కోసం 'జిల్బర్‌లింగ్' అనే స్టీలు పెట్టెలు 5 వేలకు పైగా కట్టించింది. ఆఫీసుకెళ్ళేవాళ్ళు, బడిపిల్లలు, సంతకెళ్ళేవాళ్ళు ఎక్కినవి ఇవే. కానీ మోడళ్ళ దగ్గరికొచ్చేసరికి మోజంతా గుమ్మటం మీదే. మన దగ్గర వందే భారత్ ముక్కు ఫొటో తీయడానికి వంతెన మీద జనం గుమిగూడతారు. అదే వంతెన కింద నుంచి రోజూ పోయే ప్యాసింజర్‌ను ఎవరూ తల తిప్పి చూడరు. ఇదీ అంతే.

విచిత్రమేమిటంటే పనివాడికి కష్టమైనది జిల్బర్‌లింగే. దాని స్టీలు గోడ మీద కిటికీల కింద నెమలి కన్నుల్లాంటి గుండ్రటి మెరుపులు వరసగా ఉంటాయి, స్టీలును పాలిష్ చేసినప్పుడు పడిన గుర్తులవి. వాటిని 87వ వంతుకు దించి ప్లాస్టిక్ మీద అచ్చేయాలి. వెలుతురు ఒక వైపు నుంచి పడితే మెరవాలి, ఇంకో వైపు నుంచి చూస్తే మాయమవాలి. కొంచెం ఎక్కువైతే కల్యాణ మండపం డెకరేషన్‌లా ఉంటుంది, తక్కువైతే ఉత్త సిల్వర్ పెయింట్. రైన్‌గోల్డ్‌కు రెండు రంగులు వేయడం దీని ముందు ఎంత? అయినా ఓటు తేలిగ్గా రైన్‌గోల్డ్‌కే పోతుంది. జ్ఞాపకానికి బహుమతి ఇవ్వడం తప్పని నేననను. అలాంటప్పుడు దాన్ని ఏడాది ఉత్తమ జ్ఞాపకం అనాలి గానీ ఉత్తమ మోడల్ అనకూడదు.

బ్రిటన్‌లో ఏపీటీ-ఈ అనే ప్రయోగ రైలుండేది. గ్యాస్ టర్బైన్‌తో నడిచేది, వంపుల్లో పక్కకు ఒరిగేది, 1975లో గంటకు 245 కిలోమీటర్లు దాటింది. టికెట్ కొన్న ప్రయాణికుడు ఒక్కడూ ఎక్కకుండానే మ్యూజియానికి పోయింది. కెనడా కంపెనీ రాపిడో దానికి బ్రహ్మాండమైన మోడల్ చేసింది. మరి దాన్ని ప్యాసింజర్ రైలు అనాలా? నేనైతే అంటాను. కానీ ఈ ప్రశ్న మీద గంటలు గంటలు వాదించుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళతో టీ తాగడం నాకిష్టం.

డబ్బు సంగతి క్లుప్తంగా. మంచి హెచ్‌ఓ పెట్టె ఒకటి చవకేమీ కాదు. ఇంజనుకు పది పెట్టెలు తగిలిస్తే వెయ్యి యూరోలు తేలిగ్గా దాటిపోవచ్చు. జపాన్ కంపెనీలు ఈ విషయంలో తెలివిగా ఉంటాయి. హెచ్‌ఓ కన్నా చిన్నదైన ఎన్ సైజులో ముందు నాలుగు పెట్టెల బేసిక్ సెట్ అమ్మి, మిగతావి అదనపు సెట్లుగా ఇస్తాయి. 16 పెట్టెల ఎన్700 షింకన్‌సెన్ బుల్లెట్ రైలు అసలు పొడవు 404.7 మీటర్లు, 160వ వంతులో రెండున్నర మీటర్లు. జీతం వచ్చిన నెలల్లో ఒక్కో ముక్కా కొని పూర్తి చేసుకోవచ్చు. మరి ఓటు వేసేవాడు నాలుగు పెట్టెలు చూసి వేశాడా, పదహారూ తగిలించి వేశాడా అని అడిగే కాలమ్ బ్యాలట్‌లో ఉండదు.

'ఏడాది' అనే మాటా సాగిపోతుంది. న్యూరెంబర్గ్ బొమ్మల సంతలో ఏడాది మొదట్లో కొత్త మోడళ్ళు ప్రకటిస్తారు. కొన్ని క్రిస్మస్‌కు చేతికొస్తాయి, కొన్ని ఇంకో ఏడాదికి. డిసెంబరులో బాక్సు తెరిచినవాడు జనవరిలో ఓటేస్తే ఆ రైలు ఎన్ని కిలోమీటర్లు తిరిగి ఉంటుంది? జింకు పోత భాగాలకు ఒక జబ్బుంది. లోహంలో సీసం లాంటి మలినాలు కలిస్తే పోత లోపల్నుంచి మెల్లగా ఉబ్బి, బీటలు వారి, చివరికి బిస్కెట్‌లా పొడిపొడి అవుతుంది. అది బయటపడటానికి ఏళ్ళు పట్టొచ్చు. ఒక ఏడాది బంగారు పట్టా గెలిచిన రైలు ఆ తర్వాత అద్దాల బీరువాలోనే బూడిదైతే ఆ బహుమతిని వెనక్కి తీసుకునే పద్ధతి ఏదీ లేదు.

మన బండ్ల కోసం ఎదురుచూసే మాలాంటివాళ్ళకు ఇంకో కొలత తలనొప్పి. ఇప్పుడు మనం ఎక్కే ఎల్‌హెచ్‌బీ పెట్టెల పేరు జర్మనీలోని జాల్జ్‌గిటర్ కంపెనీ లింకే-హాఫ్మన్-బుష్‌దే. ఆ పెట్టె 23.54 మీటర్లు, హెచ్‌ఓలో 271 మిల్లీమీటర్లు, అంటే జర్మన్ పెట్టె కన్నా పొట్టి, కోయకుండానే వంపు తిరుగుతుంది. కానీ మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓ లెక్కలో 19.3. బజార్లో దొరికే పట్టా 16.5, అది 1435 మిల్లీమీటర్ల గేజ్‌కు సరిపోయే కొలత. దాని మీద నిలబెడితే గోదావరి ఎక్స్‌ప్రెస్ అయినా చెప్పు సైజు తక్కువైన పెద్దమనిషిలా కనిపిస్తుంది. ప్లాస్టిక్ షీట్ కోసి, త్రీడీ ప్రింట్ చేసి సొంతంగా కట్టుకునేవాళ్ళు ఈ మూడు మిల్లీమీటర్ల దగ్గర రాజీ పడతారు, లేకపోతే పట్టాలు కూడా సొంతంగా వేసుకోవాలి.

ఈ గొడవంతా ఒక సాయంత్రం పెద్దాయనకు చెప్పాను. బ్యాలట్ పత్రం చూపించి విభాగాలన్నీ తెలుగులో చదివి వినిపించాను. అంతా విని, "బాబూ, మీవాళ్ళు బండి నిలబెట్టి మార్కులేస్తున్నారు. నడిపి చూడరా?" అన్నారు.

"నడిపినవాళ్ళూ ఉంటారు బాబాయ్‌గారూ, కానీ అడగరు."

ఆయన వంగి టేబుల్ అంచుకు కళ్ళు ఆనించి, "సరే, ఒకసారి వదులు, స్లోగా" అన్నారు. రెగ్యులేటర్ తిప్పాను. పెట్టెలు ఒక్కొక్కటీ ఆయన ముక్కు ముందు నుంచి పోయాయి. "ఐదోది, వెనక ట్రాలీ, ఎడమ చక్రం" అన్నారు. ఆపి తిరగేసి చూశాను. ఇరుసు మీద చక్రం జరిగి ఉంది, గోరంత. బహుమతి పొందిన సెట్ అది, నేను కొని ఏడాదిన్నర అయింది.