ముందు ఒక్క రూపాయి కొట్టు

పైసలు పంపే యాప్‌ల మీద జనానికి నమ్మకం ఎట్లా కలిగించాలా అని బెంగళూరు, హైదరాబాద్ ఏసీ గదుల్లో గోడలకు పసుపు చీటీలు అంటిస్తున్న డిజైనర్ మహాశయులకు వరంగల్ పౌరుల వినతి. అంత శ్రమ వద్దు. ఆ పని మా దగ్గర ఎప్పుడో అయిపోయింది. దాని ఖరీదు ఒక్క రూపాయి.

తెలియనివారి కోసం పద్ధతి వివరిస్తాం. పదివేలు పంపాలి. నంబరు కొట్టి నేరుగా పదివేలు పంపేసే మనిషి మా వైపు ఉండడు; ఉన్నా ఇంట్లోవాళ్లు ఫోన్ చేతికియ్యరు. ముందు ఒక్క రూపాయి కొట్టాలి. ఆ వెంటనే కాల్ చేయాలి. "బావా, రూపాయి కొట్టిన, వచ్చిందా సూడు." బావ కాల్ కట్ చేయకుండానే ఫోన్ చెవి నుంచి తీసి, యాప్ తెరిచి, వేలిముద్ర పడక రెండుసార్లు తిట్టుకుని, "ఆఁ, వచ్చింది, నీ పేరే ఉన్నది" అనాలి. అప్పుడు సున్నాలు లెక్కపెట్టుకుంటూ అసలు మొత్తం పంపాలి. మళ్లీ కాల్. "ఇప్పుడు?" 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చినప్పుడు డబ్బు క్షణాల్లో చేరుతుందన్నారు. మాట తప్పలేదు, క్షణాల్లోనే చేరుతోంది. దాని వెనకాల రెండు కాల్స్ మా ఖర్చు.

అసలు ఆ రూపాయి దేనికి రుజువు? నంబరు సరైనది, ఖాతా బతికే ఉంది, అవతలి బ్యాంకు సర్వర్ ఆ నిమిషానికి మేలుకుని ఉంది. ఇంతే. అసలు మొత్తం పంపే వేళకు సర్వర్ కునుకు తీయదన్న హామీ లేదు. అవతలివాడు మంచివాడన్న హామీ అసలే లేదు. మోసగాడి ఖాతా కూడా రూపాయిని ఎంతో మర్యాదగా తీసుకుంటుంది. అయినా జనం మానరు. ఎందుకంటే పంపడానికీ నమ్మడానికీ మధ్య ఒక ఆగే చోటు కావాలి, యాప్‌లో అది లేదు, జనమే రూపాయి ఖర్చుపెట్టి కట్టుకున్నారు.

ఈ కట్టడాన్ని కూల్చే ప్రయత్నాలూ సాగుతున్నాయి. చిన్న మొత్తాలకు మెసేజ్ పంపడం కొన్ని బ్యాంకులు మానేశాయి. రూపాయి వచ్చిందో లేదో తేలాలంటే బావ బ్యాలెన్స్ చూసుకోవాలి. సర్వర్ల మీద భారం తగ్గించాలని 2025 ఆగస్టు నుంచి ఒక యాప్‌లో రోజుకు 50 సార్లే బ్యాలెన్స్ చూడాలని పరిమితి పెట్టారు. 50 ఎవరికి సరిపోవు అని నవ్వేవాళ్లు మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు రావాలి. కాంటా అయింది, సరుకు లెక్క రాసిన తక్‌పట్టీ చేతికొచ్చింది, అడ్తిదారు "కొట్టిన పో" అన్నాడు. రైతు ఎండలో ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టుకుని, పగిలిన గ్లాసు కింద ఆ అంకె మారిందేమోనని చూస్తూనే ఉంటాడు. ఆ మనిషికి 50 మధ్యాహ్నం దాకా వస్తే గొప్ప.

ఇక పేరు సంగతి. 2025 జూన్ ఆఖరు నుంచి, పంపే ముందు తెర మీద బ్యాంకు రికార్డులో ఉన్న పేరే చూపాలని యాప్‌లకు నియమం వచ్చింది. మనం ఫోన్‌లో రాసుకున్న పేరు, వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు చెల్లవు. మంచి నియమం, వ్యంగ్యం కాదు. చిక్కు ఏమిటంటే, పదేళ్లుగా మనకు "గ్యాస్ చిన్నన్న"గా తెలిసిన మనిషి ఇంటిపేరుతో సహా ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో ప్రత్యక్షమవుతాడు. ఎవరీయన? ఆ ప్రశ్న పుట్టాల్సిన చోటే డిజైనర్ పేరును బూడిదరంగులో, చీమ తలకాయంత చేసి, "పే" అనే బటన్‌ను మాత్రం అరచెయ్యంత చేశాడు. మా ప్రతిపాదన: పేరు పెద్దగా ఉండాలి. దాని కింద ఒక వాక్యం: "ఈయనకు మీరు ఇంతకుముందు ఎప్పుడూ పంపలేదు" లేదా "పోయిన నెల 900 పంపారు". మొత్తం కింద అదే మొత్తం తెలుగు అక్షరాల్లో, "పదిహేను వేలు" అని. 1500కూ 15000కూ మధ్య తేడా ఒక సున్నా. చెమట పట్టిన బొటనవేలికి అది తేడాయే కాదు.

అసలు కథ "పెండింగ్"లో ఉంది. తెర మీద గడియారం బొమ్మ తిరుగుతుంది, అంతకుమించి ఏ సమాచారమూ ఇవ్వకూడదని డిజైనర్లు ప్రమాణం చేసినట్టున్నారు. లోపల జరిగేది రహస్యమేమీ కాదు. మీరు పిన్ కొట్టగానే ముందు మీ బ్యాంకు ఖాతాలో కోత పడుతుంది. ఆ తర్వాతే అవతలి బ్యాంకును జమ చేయమంటారు. అక్కడినుంచి గడువులోగా జవాబు రాకపోతే జమ అయిందో లేదో మధ్యలో ఉన్నవాళ్లకూ తెలియదు. అదీ పెండింగ్. యాప్ కూడా మాటిమాటికీ అడగకూడదు. ఒక్కో లావాదేవీకి మూడుసార్లే, మధ్యలో కనీసం 90 సెకన్ల విరామంతో అడగాలి. ఈ విరామంలో మనిషి ఏం చేస్తాడు? దుకాణందారు ముఖం చూస్తాడు, సిగ్గుపడి మళ్లీ పంపుతాడు. సాయంత్రానికి రెండూ చేరతాయి. దుకాణందారు చెప్పేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఆయన చెప్పడు.

తిరిగే బొమ్మను తీసేసి మూడు వాక్యాలు రాస్తే పోయేది: "మీ ఖాతాలో కోత పడింది. అవతలి బ్యాంకు ఇంకా జవాబివ్వలేదు. మళ్లీ పంపకండి." నాలుగోది కూడా ఉంది కానీ దాన్ని రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు. 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మనిషికి మనిషి పంపిన డబ్బు అవతల జమ కాకపోతే మరుసటి రోజులోగా తిరిగి రావాలి. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు, ఖాతాదారు అడగకపోయినా బ్యాంకు ఇవ్వాలి. అడగకపోయినా ఇవ్వాల్సిన డబ్బు గురించి అడిగినా చెప్పకపోవడాన్ని డిజైన్ భాషలో సరళత అంటారట.

సరళత విషయంలో వాళ్లను తక్కువ చేయలేం. డబ్బు చేరగానే రంగుకాగితాలు ఎగురుతాయి, స్క్రాచ్ కార్డు వస్తుంది. దినాలకు సాయంగా పంపినా అదే సంబురం. ఎంజీఎం ఆసుపత్రి ముందరి మందుల దుకాణానికి కట్టినా "అభినందనలు!"

పిన్ గురించి మాట్లాడకపోతే పాపం తగులుతుంది. పిన్ కొట్టే తెర ప్రతి యాప్‌లోనూ ఒకేలా ఉంటుంది. దాన్ని యాప్ కంపెనీలు గీయవు, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఇచ్చిందే వాడాలి. బ్యాలెన్స్ చూసుకోవడం లాంటివి పక్కన పెడితే, ఆ తెర మీద పిన్ కొట్టారంటే మీ డబ్బు బయటికి పోతోందనే అర్థం, లోపలికి రావడానికి పిన్‌తో పని లేదు. ఈ ఒక్క ముక్క జనానికి తెలియకుండా ఏళ్లకేళ్లు "డబ్బు ఇవ్వండి" అన్న అభ్యర్థనలు వచ్చాయి. పాత సోఫా అమ్ముతానని ప్రకటన పెట్టినవాళ్లకు "పైసలు పంపుతున్నా సార్, పిన్ కొట్టి తీసుకోండి" అన్నవాళ్లు తగిలారు. మనుషుల మధ్య ఆ అభ్యర్థనలను చివరికి 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. తొమ్మిదేళ్లే పట్టింది. మోసగాళ్లు అంతలోనే తేరుకుని వేరే దారి పట్టారు: "పొరపాటున మీకు 500కు బదులు 5000 పడ్డయి అన్నా, జర 4500 వాపస్ కొట్టు." సాక్ష్యంగా ఒక మెసేజ్ కూడా ఉంటుంది, పది అంకెల మామూలు నంబరు నుంచి. బ్యాంకు మెసేజ్ అట్లా రాదు, అక్షరాలతో ఉన్న పేరు మీద వస్తుంది. ఖాతా తెరిచి చూస్తే అక్కడ 5000 కాదు గదా, ఐదు పైసలు ఉండవు.

నిజంగానే తప్పు నంబరుకు పంపినవాళ్ల పాట్లు వేరు. అవతలి మనిషి ఒప్పుకోకుండా బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాగదు. మోసమైతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. యాప్‌లో ఫిర్యాదు చేసే చోటు ఎక్కడుందో కనుక్కోవడం మాత్రం ఓపిక పరీక్ష: ప్రొఫైల్ నొక్కాలి, సహాయం నొక్కాలి, రోబో నమస్కారం పెడుతుంది, దానికి మన బాధ నాలుగు గడుల్లో ఒకటై ఉండాలి, లేకపోతే అర్థం కాదు. దాన్ని దాటి లావాదేవీ మీద నొక్కి, దాని 12 అంకెల లావాదేవీ నంబరు రాసుకుని ఫిర్యాదు పెడతాం. మూడో రోజు జవాబొస్తుంది. ఫిర్యాదు మూసేశారట. మా సహాయానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని కింద ఐదు బొమ్మలు, అవి మాత్రం ఎండలో కూడా స్పష్టంగా కనిపించేంత పెద్దగా ఉంటాయి.