ధ కింద గీటు ఎవరికి కనిపించాలి?

మా మనవరాలు ఒకటో తరగతి. పోయిన వారం దాని నోటుపుస్తకంలో 'ధనము' చుట్టూ ఎర్ర సిరా సున్నా. ఒత్తు లేకుండా 'దనము' అని రాసిందట, వంద సార్లు రాసుకురమ్మన్నారు. రాత్రి తొమ్మిదైనా కళ్లు నులుముకుంటూ రాస్తూనే ఉంది. వాచకం తెమ్మన్నాను. ధ కింద గీటు వెంట్రుకంత సన్నం. పైగా సిరా పాకి పొట్టకు అతుక్కుపోయింది. ఆరేళ్ల పిల్ల చూసింది చూసినట్టే రాసింది. అందుకు శిక్ష!

ముప్పయ్యేళ్లు నెల్లూరు, కావలి, ఒంగోలులో బోర్డులు రాసి బతికినవాణ్ణి. సుద్ద దారంతో గీత కొట్టి, ఎంత దూరం నుంచి చదువుతారో తెలుసుకున్నాకే బ్రష్ పట్టేవాళ్లం. బస్సులో పోయేవాడి కంటికి ఒక కొలత, దుకాణం మెట్ల మీద నిలబడ్డవాడికి ఇంకో కొలత. మందుల కొట్టు బోర్డుకు ఇచ్చిన ఆ శ్రద్ధ ఓనమాల పుస్తకానికి ఎందుకు ఇవ్వరు?

ఇంగ్లండులో రోజ్‌మేరీ సాసూన్ అనే చేతిరాత నిపుణురాలు 1980లలో ఈ సంగతి నేరుగా పిల్లలనే అడిగారు. ఎలాంటి అక్షరాలు చదవడానికి బాగున్నాయో వాళ్లచేత చెప్పించుకుని, ఏడ్రియన్ విలియమ్స్‌తో కలిసి సాసూన్ ప్రైమరీ అనే ఫాంటు చేశారు. కొద్దిగా వాలిన అక్షరాలు, పైకీ కిందికీ పొడవైన గీతలు, చివర పక్క అక్షరం వైపు సాగే చిన్న తోక. ఆ తోక మాటలోని అక్షరాలను ఒక గుంపుగా పట్టి ఉంచుతుంది. రేపు కలిపిరాత నేర్చుకునేటప్పుడు చెయ్యి అటే సాగుతుంది. చదివే అక్షరానికీ రాసే అక్షరానికీ చుట్టరికం కుదిరింది.

మన లిపికి తోకలు అక్కర్లేదు, మన చిక్కులు వేరు. ప, వ ల తేడా అంతా తలకట్టు అతికిందా లేదా అన్న దగ్గరే. థ, ధ లకు పొట్టలో చుక్కే తేడా. క్రావడి, అంటే 'క్ర', 'ప్ర'లలో వచ్చే ర ఒత్తు, దాని సంగతి మరీ ఘోరం: ఒక పుస్తకంలో అక్షరాన్ని ఎడమ నుంచి చుట్టుకుంటుంది, ఇంకో పుస్తకంలో కింద ఒదిగి కూర్చుంటుంది. పిల్ల దేన్ని దిద్దాలి? గిడుగు, గురజాడ, సురవరం పేర్లతో మంచి యూనికోడ్ ఫాంట్లు వచ్చాయి, చేసినవాళ్లకు దండం. అవి వార్తలకు, శీర్షికలకు పనికొచ్చేవి. పలక పట్టే వయసు కోసం గీసిన తెలుగు ఫాంటు నా కంట పడలేదు.

వాచకాలు అచ్చువేసేవాళ్లను అడిగేది ఒక్కటే. అచ్చుకు పంపేముందు నాలుగు రకాల ధ గీసి, ఒకటో తరగతి గదిలో పిల్లల పక్కన కూర్చోండి. దిద్దించి చూడండి.

నేను అట్టముక్కల మీద గీసి మా వీధి పిల్లల ముందు పెట్టాను. గీటు బాగా కిందికి దించి, పొట్టకు ఎడంగా వేసిన ధ మీదే వేళ్లు పడ్డాయి. "ఇందులో ఒత్తు కనిపిస్తోంది తాతా" అంది మా పిల్ల. మిగతా అక్షరాలు కూడా గీస్తున్నాను, ఇప్పటికి 'బ' దాకా వచ్చాను. కంప్యూటర్‌లో ఫాంటు చేయడం తెలిసినవాళ్లు మన నెల్లూరు, ప్రకాశం వైపు ఉంటే చెప్పండి, అట్టలన్నీ పట్టుకుని నేనే వస్తాను.