సవరణ: బొలోన్యా తిండి పోస్టులో రెండు తప్పులు

మొన్న ఇటలీలోని బొలోన్యా తిండి గురించి రాస్తూ, తోర్తెల్లిని అనే, లోపల ముద్ద కూరిన చిన్న పాస్తాలో ఉండేది చీజే కాబట్టి శాకాహారులు నిశ్చింతగా తినొచ్చనీ, ఊరి అసలు వంటకం స్పగెట్టి బొలోనీస్ అనీ చెప్పాను. రెండూ తప్పే.

నా మాట నమ్మి ఎవరైనా ఆర్డర్ ఇచ్చేస్తారేమో, అందుకే ముందు తోర్తెల్లిని సంగతి. లోపల పెట్టే ముద్దలో పంది మాంసం, ప్రొషుత్తో, మోర్తదెల్లా (ఇవి రెండూ పందివే), వాటితోపాటు పార్మిజానో చీజ్, గుడ్డు, జాజికాయ ఉంటాయి, పైగా సంప్రదాయంగా వడ్డించేది మాంసం ఉడికించిన రసంలోనే. నేను పొరబడింది తోర్తెల్లోని చూసి. పేరు దాదాపు అదే గానీ ఇవి పెద్దవి, రికోట్టా అనే మెత్తటి చీజ్ పెట్టి చేస్తారు, ఎక్కువగా వెన్నతో ఇస్తారు. ఇవీ మన లెక్కలో పక్కా శాకాహారం కాదు, పిండిలో గుడ్డు ఉంటుంది, పార్మిజానో కోసం పాలు విరగ్గొట్టేది దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో.

ఇక స్పగెట్టి. బొలోన్యావాళ్లు రాగూ (మాంసంతో చేసే సాస్) కలిపేది తాల్యతెల్లెతో, అంటే గుడ్లు కలిపిన పిండిని పల్చగా ఒత్తి రిబ్బన్లలా కోసినది. ఉడికాక దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో అక్కడి ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో ఏకంగా బంగారు నమూనా పెట్టారు! రాగూ తయారీ కూడా 1982లో అక్కడే నమోదైంది, 2023లో వాళ్లూ దానికి సవరణ వేసుకున్నారు. అందులో వెల్లుల్లి లేదు. ఆ పోస్టులో వెయ్యమని నేను రాసిన ఆరు రెబ్బలు మా ఇంటి అలవాటు.