గుడిని తరలించారు, మనుషుల మాటేమిటి?

ఝార్ఖండ్‌లో కోయల్-కారో జలవిద్యుత్ ప్రాజెక్టును ముండా ఆదివాసులు అడ్డుకున్న తీరుపై రాసిన ఒక వ్యాసాన్ని కొల్లాపూర్‌లో కూర్చుని చదివాను. మా తాతల ఊరు శ్రీశైలం జలాశయం అడుగున ఉంది. వేసవిలో కృష్ణ వెనక్కి తగ్గితే మొండిగోడలు తేలుతాయి. మా గడప ఎక్కడుండేదో నాన్న కాలితో గీసి చూపించేవారు.

ఆ ఉద్యమంపై జరిగిన కాల్పుల గురించి వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టడం బాగాలేదు. 2001 ఫిబ్రవరి 2న తప్‌కారాలో పోలీసు కాల్పులకు ఎనిమిది మంది బలయ్యారు. ప్రాజెక్టు వాళ్లు రాకుండా ఊరివాళ్లు దారికి అడ్డంగా పెట్టుకున్న బారికేడ్‌ను ముందురోజు పోలీసులు పీకేయడమే దానికి మూలం. ముండాలకు పూర్వీకుల సమాధి రాళ్లే భూమి పట్టా. ఆ రాళ్లను, దేవతలుండే సర్నా తోపును ఎక్కడికి తరలిస్తారని అడిగితే ఏ ఇంజినీరు జవాబు చెప్పగలడు? 710 మెగావాట్ల ఆ పథకం చివరకు మూలపడింది.

మా వైపు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మంచిదే. మనుషులకు మాత్రం ఆపాటి ఓపిక దక్కలేదు. ముంపు కుటుంబానికో ఉద్యోగమంటూ 1986లో 98వ జీవో వచ్చింది. నాన్న దరఖాస్తు పెట్టి, ఉద్యోగ విరమణ వయసు దాటేదాకా ఎదురుచూశారు.

ఇలాంటి పోరాటాలు ‘అభివృద్ధికి అడ్డం’ అని ఆ వ్యాసం కింద వ్యాఖ్య రాసిన మిత్రుడికి: సాగర్ ఎడమ కాలువ నల్లగొండలో వరి పండించింది, కాదనను. అదే జిల్లాలో మునుగోడు, దేవరకొండ పల్లెలు దశాబ్దాలపాటు ఫ్లోరైడ్ నీళ్లే తాగాయి.